డయాఫ్రమ్ కాల్ నోట్లో నిలవకపోతే

ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటలో ఆడదానిలా పిలవడానికి అంగిలికి ఆనించి ఊదే చిన్న పరికరం, అదే డయాఫ్రమ్ కాల్, నోట్లో పెట్టగానే వాంతి వస్తోంది, ఊదితే కీచుమంటోంది అన్నారు కదండీ. మొదట్లో నాకూ అంతే. అంగిలికి పెద్దదై ఉంటుంది. టేపు అంచుని కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరించండి, ఫ్రేముకి మాత్రం తగలనివ్వకండి. కారులో ఒక్కరే ఉన్నప్పుడు నోట్లో పెట్టుకుని తిరగండి, అలవాటవుతుంది.

నాలుకతో రబ్బరు పొరని నొక్కి ఊది, వెంటనే వదులు చేయండి: "ఈ...యా". సన్నగా మొదలై కిందికి జారాలి. కీచుమంటే గాలి ఎక్కువైనట్టే.

చేత్తో పట్టుకుని, పళ్లతో కొరికి ఊదే ఓపెన్ రీడ్ రకం కాల్ తేలికే. కానీ మీరు కొలరాడోలో సెప్టెంబర్‌లో విల్లుతో వెళ్తున్నారు. విల్లు లాగేటప్పుడు రెండు చేతులూ దానిమీదే ఉంటాయి కాబట్టి డయాఫ్రమే దిక్కు.

ఇంకోటి, మగది మీవైపు నడిచి వస్తుంటే ఇక పిలవకండి! అక్కడే అత్యాశకి పోయి ఒకదాన్ని పోగొట్టుకున్నాను.