విదేశీ విలేకరి అవుతానంటున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఇంజనీరింగ్ వద్దు, విదేశాల నుంచి పేపర్‌కి వార్తలు రాసే విలేకరి అవుతానంటోంది. అది నిజంగా ఉద్యోగమేనా? ఏం చదివించాలి?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: ఉద్యోగమేనమ్మా. కాకపోతే నోటిఫికేషన్ చూసి, పరీక్ష రాసి చేరేది కాదు. పత్రికలో కొన్నేళ్లు రిపోర్టింగ్, డెస్క్ పని (వచ్చిన వార్తలు సరిచూసి దిద్దడం) చేసి చేయి తిరిగినవాళ్లలో ఒకరిని ఎంచి పంపుతారు. మన తెలుగు పేపర్లలో విదేశీ వార్తలు చాలావరకు పీటీఐ, రాయిటర్స్, అసోసియేటెడ్ ప్రెస్ లాంటి, పత్రికలకు వార్తలు అమ్మే ఏజెన్సీల నుంచి వచ్చేవే. సొంత మనిషిని బయట ఉంచడం ఖర్చుతో కూడిన పని. ‘ది హిందూ’ కొలంబోలో ఉంచినట్టు ఉంచే పత్రికలు కొన్నే, అవీ ఎక్కువగా ఇంగ్లిష్‌వే. అందుకే అమ్మాయికి ఇంగ్లిష్‌లో రాసే పట్టు తప్పనిసరి.

మీ దగ్గర ఒక్క విషయం దాచను. పోస్టింగు వచ్చినా అక్కడి ప్రభుత్వం వీసా ఇస్తేనే కొలువు నిలుస్తుంది. 2014లో పాకిస్థాన్ తమ దేశంలో ఉన్న ఇద్దరు భారతీయ విలేకరులను వెళ్లిపొమ్మంది. 2023లో చైనా వీసాలు పొడిగించక మనవాళ్లు వెనక్కి రావాల్సి వచ్చింది. యుద్ధవార్తలైతే ప్రాణానికే ముప్పు: రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ డానిష్ సిద్దిఖీ 2021 జులైలో అఫ్గానిస్థాన్‌లో విధి నిర్వహణలోనే చనిపోయారు. అందరూ యుద్ధాలకే వెళ్లరు. ఎన్నికలు, వాణిజ్యం, వలసలు రాసేవాళ్లే ఎక్కువ.

చదువు సంగతికొస్తే, డిగ్రీలో ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, హిస్టరీలో ఏదైనా పర్వాలేదు. దాంతోపాటు ఒక విదేశీ భాష మొదలుపెట్టించండి. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) అరబిక్, రష్యన్, ఫ్రెంచ్ వంటివి నేర్పుతారు. దుబాసీ లేకుండా కూరగాయల అంగడిలో ధరలు అడగగలిగిన విలేకరికి దొరికే వార్త వేరు. డిగ్రీ అయ్యాక చెన్నై ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో ఏడాది పీజీ డిప్లొమా ఉంది. ఫీజు ఎక్కువే, స్కాలర్‌షిప్‌ల గురించి ముందే కనుక్కోండి.

ఈలోగా అమ్మాయికి ఒక పని చెప్పండి. రోజూ ఇంగ్లిష్ పేపర్ విదేశీ పేజీలో ప్రతి వార్త మొదట్లో ఏ ఊరి పేరుందో, రాసింది ఏజెన్సీయా, సొంత విలేకరా అన్నది నోటుబుక్కులో ఎక్కించమనండి. ఒక దేశాన్ని ఎంచుకుని నెల పాటు వదలకుండా చదివి, రెండు పేజీలు రాయమనండి. అది నాకు పంపండి, చదివి జవాబిస్తాను.