కంట్రోలర్ గడువు తీరిందా, గడువులోపల పలకలేదా?

సందేహం: సార్ నమస్తే. నేను ఒంగోల్లో ఒక ఆఫీసులో లైనక్స్ సర్వర్లు చూసుకుంటుంటా. పోయిన నెల్లో ఒక సర్వర్ ఉన్నట్టుండి నిలబడిపోయి కాసేపటికి దానంతటదే కదిలేది, రోజుకి మూడు నాలుగు సార్లు ఇదే వరస. లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా) తీస్తే డిస్క్ కంట్రోలర్ (డిస్కుని నడిపే చిప్పు) టైమవుట్ అని, పోర్టు (డిస్కు కేబుల్ తగిలించే చోటు) ఫ్రోజెన్ అని పడి ఉంది. మా ఓనరు గారు తెలుగులో రాసియ్యమంటే "డిస్క్ కంట్రోలర్ గడువు తీరింది, పోర్టు గడ్డకట్టింది" అని రాసిచ్చా. ఆయన అది చదివి డిస్కుకి ఎక్స్‌పైరీ అయిపోయిందనుకోని కొత్తది తెప్పించారు, మార్చినా మళ్ళీ అదే. చివరికి కేబుల్ మారిస్తే రెండు రోజుల నుంచి బాగుంది. గడువు తీరింది, ముగిసింది, దాటింది, వీటిల్లో ఏది రాసుండాల్సింది? నేను రాసింది తప్పా?

సమాధానం: తప్పే నాయనా. వ్యాకరణంలో తప్పు లేదు, అర్థంలో ఉంది. మీ ఓనరు గారు మాత్రం ఆ వాక్యాన్ని తెలుగువాడు ఎట్టా చదవాలో అట్టానే చదివారు.

తీరు అనే క్రియ చూడండి. అప్పు తీరింది, ఆకలి తీరింది, ముచ్చట తీరింది, ఎక్కడైనా సరే ఉన్నది అయిపోయి ఇంక మిగల్లేదనే అర్థం. గడువు తీరిన మందులంటే పారేసేవి. ఇంక మనిషి గురించి "ఆయనకి కాలం తీరింది" అన్నామంటే పోయాడని. మరి కంట్రోలర్ గడువు తీరిందని రాస్తే చదివినోళ్ళు కంట్రోలరో డిస్కో పోయిందనుకోక ఏమనుకుంటారు?

ముగిసింది కూడా ఇక్కడ కుదరదు. దరఖాస్తులకి గడువు ముగిసిందంటే తలుపేశారని, ఇంక తీసుకోరని. దాటింది అనేది వీటికంటే నయం, కరెంటు బిల్లు గడువు దాటినా ఫైను కట్టి బిల్లు కట్టొచ్చు కదా, దాటిన తర్వాత కూడా జరగాల్సింది ఉందని ఆ మాటలోనే తెలుస్తుంది. మీరు అడగలేదు గానీ టైమవుట్‌కి కాలదోషం అని రాసేవాళ్ళు కూడా ఉండారు, అది అసలు వద్దు. ప్రామిసరీ నోటుకి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది, ఆ తర్వాత కోర్టుకి పోయి వసూలు చేసుకునే దారి మూసుకుపోతుంది. సర్వర్‌లో అట్టా కాదు, జవాబు రాకపోతే మళ్ళీ అడుగుతుంది.

అయితే మూడు మాటల్లో ఒకటి ఏరుకున్నంత మాత్రాన మీ కష్టం పోదు. అసలు చిక్కు గడువు ఎవరిది అనేదాంట్లో ఉంది. ఇంగ్లీషులో కంట్రోలర్‌ని కర్త చేసి టైమవుట్ అయిందని ముక్తసరిగా అనేస్తే వాళ్ళకి చెల్లుతుంది, తెలుగులో అదే వాక్యం పెడితే గడువు కంట్రోలర్‌కి అంటుకుంటుంది. మా అమ్మాయి ఇదే పనిలో ఉంది, పక్కన కూర్చోబెట్టుకోని అడిగా. గడువు పెట్టేది కెర్నల్ (లైనక్స్‌లో మిషన్ని నడిపే అసలు భాగం), కాచుకోనుండేది కెర్నల్, పలకాల్సింది అవతల కంట్రోలర్, దాని వెనక డిస్కు. లైనక్స్‌లో డిస్కుకి పంపే ఒక్కో మామూలు కమాండుకి 30 సెకన్లు గడువంట. ఆ లోపల జవాబు రాకపోతే ముందు ఆ కమాండు రద్దు చేసి చూస్తుంది, కుదరకపోతే డిస్కుని రీసెట్ చేస్తుంది, ఆ పైన లైను మొత్తాన్ని, ఆఖరికి కంట్రోలర్‌ని కూడా, అప్పటికీ పలక్కపోతే ఆ డిస్కుని పక్కన పెట్టేస్తుంది. మీ సర్వర్ నిలబడి మళ్ళీ కదిలిందంటే మధ్య మెట్టులో ఎక్కడో పలికిందన్నమాట.

మా నెల్లూరు పక్క రొయ్యల గుంటలు ఉండాయి కదా, అర్ధరాత్రి గుంట కాడ కావలి మనిషికి ఫోన్ చేసి నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ తిరగతా ఉందా చూసి చెప్పమన్నాం అనుకోండి, అరగంటైనా చెప్పలా. మనకి తెలిసింది ఏంది? జవాబు రాలేదనేదొక్కటే. సిగ్నల్ పోయుండొచ్చు, ఫోన్‌లో ఛార్జింగ్ లేకపోవచ్చు, ఆయన నిద్రపోయుండొచ్చు, లేకపోతే మోటారు ఆగిపోయి దాన్ని బాగుచేసే పనిలో మునిగిపోయుండొచ్చు. మీ సర్వర్‌లో సిగ్నల్ పోవడమంటే కేబుల్, ఛార్జింగ్ అంటే పవర్ సప్లై, నిద్ర అంటే కంట్రోలర్ లోపలుండే ప్రోగ్రాం, ఫర్మ్‌వేర్ బిగుసుకుపోవడం, పనిలో మునిగిపోవడమంటే చెడిపోయిన సెక్టారుని (డిస్కులో డేటా ఉండే చిన్న ముక్కని) చదవడానికి డిస్కు లోపల్లోపల కిందామీదా పడటం. మామూలు ఇళ్ళల్లో వాడే డిస్కులు కొన్ని ఈ పనికి 30 సెకన్ల కంటే ఎక్కువే తీసుకుంటాయి, రెయిడ్ (నాలుగైదు డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడటం) కోసం చేసినవి చాలామటుకు 7 సెకన్లకే నావల్ల కాలేదని చెప్పేస్తాయి. అంటే ఇక్కడ గడువులు రెండు, డిస్కు గడువు చిన్నదిగా, కెర్నల్ గడువు పెద్దదిగా ఉండాలి. ఎవరి గడువో చెప్పకుండా ఉత్తినే గడువు అని రాస్తే ఈ తేడా మొత్తం మాసిపోతుంది.

అందుకని నేనైతే "పలకలేదు" అంటా. పిలిస్తే పలకలేదు అనేది ఇంట్లో రోజూ అనే మాట, అందులో పిలిచినోళ్ళుండారు, పలకాల్సినోళ్ళుండారు, కారణం మాత్రం ఇంకా తేలలేదని కూడా దాంట్లోనే ఉంది. పలకలేదన్నంత మాత్రాన ఎవురూ పోయాడనుకోరు, పోయి చూస్తారు. కాచుకోవడం కూడా మంచి మాట, కాచు అంటే కాపాడటం, కాచుకొను అంటే కనిపెట్టుకోని ఉండటం, కావలి కూడా ఆ కుటుంబంలోదే, మన కావలి ఊరి పేరు వింటే నాకు ఇదే గుర్తొస్తుంది. కెర్నల్ చేసేది అచ్చంగా కావలి పనే.

టైమవుట్ అనే మాటని తీసెయ్యమని నేను చెప్పను, పది మందికీ తెలిసిన మాట. కాకపోతే కంట్రోలర్ టైమవుట్ అయింది అనకుండా కంట్రోలర్ దగ్గిర టైమవుట్ వచ్చింది అనండి. జొరం వచ్చింది అంటాం, మనిషి జొరం అయ్యాడని అనం కదా. ఇంక ఫ్రోజెన్‌కి గడ్డకట్టడం బొత్తిగా పనికిరాదు. అక్కడ జరిగేది ఏందంటే తప్పు సర్దుకునేదాకా ఆ పోర్టులోకి కొత్త కమాండ్లు పోకుండా కెర్నలే కావాలని ఆపి పెడుతుంది. కాబట్టి పోర్టుని నిలిపి ఉంచింది అని రాయండి. గడ్డకట్టింది అంటే దానికదే చెడినట్టు, నిలిపి ఉంచింది అంటే ఒకరు చేసిన పని.

మీ ఓనరు గారికి ఇట్టా రాసిచ్చుంటే సరిపోయేది: "సర్వర్ డిస్కుని అడిగి 30 సెకన్లు చూసింది, డిస్కు పలకలేదు. ఆ పోర్టుని నిలిపి ఉంచి, లైను తెంచి మళ్ళీ కలిపింది, అప్పుడు పలికింది. తప్పు డిస్కులోదా, కేబుల్‌దా, పవర్‌దా, కంట్రోలర్‌దా ఇంకా చూడాలి." ఇది చదివితే ఏ ఓనరైనా ముందు తక్కువ ఖర్చుదే చూడమంటారు, కేబుల్ ధరెంత, డిస్కు ధరెంత. ఒకే కంట్రోలర్ కింద నాలుగైదు డిస్కులు ఒక్కసారే పలక్కపోతే మాత్రం డిస్కుల్ని అనుమానించబాకండి, పవరో కంట్రోలరో చూసుకోండి.

పాత డిస్కుని పారేయబాకండి. దాని స్మార్ట్ లెక్కల్లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) 199వ వరసలో సీఆర్సీ తప్పుల అంకె, అంటే కేబుల్ దారిలో డేటా చెడి వచ్చిన సార్ల లెక్క ఉంటుంది, అది పెరిగి ఉండి, 197లో పెండింగ్ సెక్టార్లు (చదవలేక ఆగినవి), 5లో మార్చిన సెక్టార్లు (చెడితే బదులు పెట్టినవి) సున్నా ఉంటే డిస్కు బాగానే ఉన్నట్టు, దారిలోనే తేడా. కొత్త డిస్కులో కూడా 199 చూడండి, పాత కేబుల్‌తో తిరిగిన రోజుల అంకె అందులో ఉండే ఉంటది, అది మళ్ళీ సున్నాకి రాదు. రెండు వారాలాగి చూసి, ఉన్నకాడికి ఉంటే, నోట్‌లో "తప్పులు తగ్గాయి" అని రాయకుండా "కేబుల్ మార్చిన తర్వాత తప్పులు పెరగలేదు" అని రాయండి.