యుద్ధాల గురించి చదువుతానంటోంది, బతుకుదెరువు ఉంటుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. అమ్మాయి ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం. ‘ఇరాక్ మీద అమెరికా యుద్ధం చేస్తే ఇరాన్ ఎందుకు బలపడింది?’ లాంటివి అడుగుతుంటది. డిగ్రీలో అవే చదువుతానంటోంది. మేము బీకాం కంప్యూటర్స్ అనుకున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. అంతర్జాతీయ సంబంధాలు అనే సబ్జెక్టు పీజీ తరగతుల్లో ఇప్పటికీ చర్చ నడిచే విషయం అది. మీరూ కొంచెం వినండి.

2003 మార్చిలో అమెరికా ఇరాక్‌పై దండెత్తింది. ఏప్రిల్‌కల్లా బాగ్దాద్ చేతికొచ్చింది, సద్దాం హుస్సేన్ పాలన కూలింది. 1980 నుంచి 1988 దాకా ఇరాన్‌తో యుద్ధం చేసింది ఆ సద్దామే. ఇరాన్‌కు తూర్పున అఫ్ఘానిస్తాన్‌లో దానికి గిట్టని తాలిబన్లను 2001లోనే అమెరికా గద్దె దించింది. అంటే రెండు పక్కలా ఉన్న శత్రువులను ఇరాన్ కోసం వేరెవరో తొలగించినట్టయింది. 2003 మే నెలలోనే ఇరాక్‌లో అమెరికా పాలనాధికారి పాల్ బ్రెమర్ ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశాడు. ఆయుధం పట్టడం తెలిసిన లక్షల మంది జీతం లేక రోడ్డున పడ్డారు. ఇరాన్‌లో లాగే ఇరాక్‌లోనూ షియా ముస్లింలు ఎక్కువ. ఎన్నికలు జరిగేసరికి, సద్దాం కాలంలో ఇరాన్‌లో తలదాచుకున్న నాయకులు కూడా అధికారంలోకి వచ్చారు. 2014 జూన్‌లో ఐసిస్ అనే ఉగ్రవాద సంస్థ ఇరాక్ నగరం మోసుల్‌ను పట్టుకున్నాక, దానితో పోరాడిన, ఇరాన్ అండ ఉన్న సాయుధ దళాలు ఇంకా బలపడ్డాయి. అదే మోసుల్‌లో 39 మంది భారతీయ కూలీలను ఐసిస్ ఎత్తుకుపోయి చంపేసింది. వాళ్లు చనిపోయారన్న సంగతి ఇళ్లవాళ్లకు 2018లో గానీ ఖాయంగా తెలియలేదు. పొట్టకూటికి పరాయి దేశం పోయినవాళ్లున్న మన పల్లెల్లో ఈ చదువు ఎందుకని ఎవరైనా అడిగితే, ఈ సంగతి చెప్పండి.

అయితే అమ్మాయి ఇక్కడితో ఆగకూడదు. 2019లో ఇరాక్ యువకులే, అందులో షియాలే ఎక్కువగా, ఇరాన్ పెత్తనం వద్దంటూ వీధుల్లోకి వచ్చారు. నజఫ్‌లో ఇరాన్ కాన్సులేట్‌కు నిప్పు పెట్టారు. బలం పెరిగిన చోటే వ్యతిరేకత కూడా పెరిగింది. ఇలా రెండో వైపు వెతికే ఓపిక ఉంటేనే ఈ రంగంలో నిలబడగలదు. యూట్యూబ్‌లో విన్నది అప్పజెబితే నిలబడలేదు.

ఇక ఉద్యోగం మాట. ఉత్త బీఏతో ఈ సబ్జెక్టులో ఉద్యోగం రాదు. డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు, మొత్తం ఐదేళ్లు ఆగాలి. నల్లగొండ ఎన్జీ కాలేజీలో గానీ, మీ దగ్గర్లో గానీ దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా బీఏలో చేరి పొలిటికల్ సైన్స్, హిస్టరీ, ఎకనామిక్స్ ఉండేలా చూసుకోండి. తర్వాత సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాస్తే ఢిల్లీలో జేఎన్‌యూ, మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. ఈ మధ్యలో అరబిక్ గానీ పర్షియన్ గానీ మొదలుపెడితే మరీ మంచిది. ఉస్మానియాలో రెండూ నేర్పుతారు. ఇంగ్లిష్ పత్రికలు అందరూ చదువుతారు, బాగ్దాద్ పత్రిక చదవగలిగేవాళ్లు మన దగ్గర ఎంతమంది?

పీజీ తర్వాత యూజీసీ నెట్ పరీక్ష రాసి లెక్చరర్ కావచ్చు, జేఆర్ఎఫ్ వస్తే ఫెలోషిప్‌తో పరిశోధన చేయవచ్చు. సివిల్స్ మెయిన్స్‌లో జనరల్ స్టడీస్ రెండో పేపర్‌లో అంతర్జాతీయ సంబంధాలు ఉన్నాయి, మంచి ర్యాంకు వస్తే విదేశాంగ సర్వీసు కూడా ఉంది. జర్నలిజం, అనువాదం సరేసరి. పరిశోధనా సంస్థల్లో ఉద్యోగాలు మాత్రం తక్కువ, అవీ ఎక్కువగా ఢిల్లీలోనే. ఆ ఆశ ఒక్కదాని మీదే పంపకండి.

ఐదేళ్ల తర్వాత కూడా నెట్, సివిల్స్ అంటూ ఆగే స్తోమత ఇంట్లో లేకపోతే, బీఏ తర్వాత బీఈడీ చేయించండి. డీఎస్సీ రాసి సోషల్ టీచర్ కావచ్చు, జీతం చేతికొచ్చాక పీజీ దూరవిద్యలో చదువుకోవచ్చు. ఇష్టం లేని బీకాంలో కూర్చోబెట్టడం కంటే ఇది ఎంతో నయం.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ఇప్పుడే తీసిపెట్టుకోండి. స్కాలర్‌షిప్‌కు, హాస్టల్ సీటుకు అవే ముందు అడుగుతారు.