టెక్ సందేహాలు: పురుగు ఫోటోతో పాటు ఇంటి గుట్టు కూడా వెళ్తోంది

తొలకరి పడగానే నాకు వచ్చే మెయిళ్లలో సగం పురుగుల గురించే ఉంటాయి. వీధి లైటు కింద ఉసుళ్లు, ఎర్రమట్టిలో ఆరుద్ర పురుగులు, జులై ఆఖర్లో మాత్ వీక్, అంటే రాత్రిపూట ఎగిరే చిమ్మటలను గమనించే వారం. పెరట్లో కనిపించిన దాన్ని ఫోటో తీసి శాస్త్రవేత్తలకు అందించే అలవాటు మనవాళ్లలో పెరిగింది. చాలా సంతోషం. కానీ ఫిర్యాదు మాత్రం ఏటా అదే, ఫోటోతో పాటు ఇల్లెక్కడో కూడా అందరికీ తెలిసిపోతోందని. అందుకే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: ఆరో తరగతి పిల్లలతో పెరటి పురుగుల ఫోటోలు తీయించి, మొక్కలు, జీవుల ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్‌లో పెట్టిస్తున్నాను. పిల్లలే ఖాతాలు తెరిచారు. ఒక పిల్లాడి నాన్నగారు వచ్చి, ‘మా ఇల్లు మ్యాప్‌లో కనిపిస్తోందేంటి?’ అని నిలదీశారు. ఏం చెప్పాలి?
- ఒక టీచర్, తణుకు

ఆయన అడిగింది న్యాయమైన మాట. మీరు ఏ సెట్టింగూ మార్చకపోతే అందులో లొకేషన్ అందరికీ తెరిచే ఉంటుంది. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కొద్ది మీటర్ల తేడాతో చోటు చెప్పేస్తుంది కాబట్టి, పురుగు ఎవరి ప్రహరీ లోపల దొరికిందో ఎవరైనా చూడొచ్చు.

పోయినేడు నేను లాగౌట్ చేసి, బయటివాడిలా నా పేజీ నేనే తెరిచి చూశాను. శాటిలైట్ మ్యాప్ మీద దగ్గరికి జూమ్ చేస్తే నలభైకి పైగా చుక్కలు మా డాబా చుట్టూ మూగి ఉన్నాయి. ఒకటి తులసికోట మీద, రెండు బోరు పక్కన. తేదీలు చూశాక ఇంకా టెన్షన్ పట్టుకుంది. సంక్రాంతికి ఊరెళ్లిన వారం రోజులూ ఇంటి దగ్గర చుక్కలు ఆగిపోయాయి, ఊళ్లో పొలం గట్టు మీద కొత్త చుక్కలు మొదలయ్యాయి. ఇంటికి తాళం వేసి ఉందని ఏ రోజుకారోజు నేనే చాటుకున్నాను. అప్పట్నుంచీ ఊరికెళ్తే ఫోటోలు తిరిగొచ్చాకే ఎక్కిస్తున్నాను.

తర్వాత తీసేయొచ్చులే అనుకోకండి. పురుగు పేరు చెప్పినవాళ్లలో మూడింట రెండొంతుల మందికి పైగా ఏకాభిప్రాయం కుదిరితే, తేదీ, చోటు వంటి వివరాలు సరిగా ఉన్న రికార్డు ‘రీసెర్చ్ గ్రేడ్’ అవుతుంది. ఇతరులు వాడుకోవడానికి మీరు పెట్టిన లైసెన్సు అనుమతిస్తే అక్కణ్నుంచి జీబిఫ్ అనే అంతర్జాతీయ డేటాబేస్‌కు వెళ్తుంది. మీరు సెట్టింగ్ మార్చేలోపు దాన్ని డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ల దగ్గర మీ ఇంటి చుక్క అలాగే ఉండిపోతుంది.

ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. ఇంటి దగ్గర తీసిన ప్రతి ఫోటోకీ ‘జియోప్రైవసీ’లో ‘అబ్‌స్క్యూర్డ్’ ఎంచుకోండి. పాతవాటికి కంప్యూటర్‌లో బ్యాచ్ ఎడిట్‌తో ఒకేసారి మార్చొచ్చు. అప్పుడు అసలు చోటు బదులు 0.2 డిగ్రీల గడిలో, అంటే మన ప్రాంతంలో దాదాపు 22 కిలోమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న గడిలో, ఎక్కడో ఒక చోట చుక్క పడుతుంది. ఇలా చేస్తే పరిశోధనకు పనికిరాదని కొందరు కోప్పడుతుంటారు. కచ్చితమైన చోటు కావాల్సిన ప్రాజెక్టు ఉంటే, దాని నిర్వాహకులకు మాత్రమే కనపడేలా అనుమతి ఇచ్చే వీలుంది. పిల్లల ఇంటి గేటు లోకమంతటికీ తెలియాల్సిన పనైతే లేదు.

ఇంకో మాట. పదమూడేళ్లు నిండని పిల్లలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా అందులో సొంత ఖాతా తెరవకూడదు. ఆరో తరగతి అంటే పదకొండు, పన్నెండేళ్లే కదా! ఆ ఖాతాలు మూయించి, ఖాతా అక్కర్లేకుండానే జీవుల పేర్లు చెప్పే సీక్ యాప్ వాడించండి. అదీ ఐనాచురలిస్ట్ చేసిందే. మీరు పంపిన లింకుల్లో ఒకదాంట్లో పిల్లాడి అరచేతిలో గొల్లభామ ఉంది. వెనక మెళ్లో వేలాడుతున్న ఐడీ కార్డు మీద స్కూలు పేరు, నాన్న ఫోన్ నంబరు నేను సులువుగా చదవగలిగాను. ముందు ఆ ఫోటో తీసేయండి. అలాగే యాప్ చూపిన మొదటి పేరు నొక్కేయడం మాన్పించండి. ఆరుద్ర పురుగుని కీటకాల్లో కలిపేశారు. బాగా ఎదిగిన ఆరుద్ర పురుగుకి కాళ్లెన్నో లెక్కపెట్టమనండి, ఎనిమిది వస్తాయి. అది సాలీడు వైపు చుట్టం.

ప్రశ్న: లొకేషన్ ఆన్‌లోనే ఉంది. అయినా ఫోటో ఎక్కిస్తే చోటు, తేదీ ఖాళీగా వస్తున్నాయి.
- ఒక పాఠకుడు, సిద్దిపేట

ఆ ఫోటో వాట్సాప్‌లో తిరిగొచ్చి ఉంటుంది. మామూలు ఫోటోగా పంపితే వాట్సాప్ ఆ వివరాలన్నీ తీసేస్తుంది. ‘డాక్యుమెంట్’గా పంపితే ఉంచేస్తుంది. పెళ్లి ఫోటోలు క్వాలిటీ కోసమని డాక్యుమెంట్‌గా పంపేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. కెమెరా తీసిన అసలు ఫోటోనే నేరుగా యాప్ నుంచి ఎక్కించండి. ఫోటోల లొకేషన్ చదివే అనుమతి ఆండ్రాయిడ్ 10 నుంచి విడిగా ఇవ్వాలి, అదీ చూడండి.

ప్రశ్న: పురుగుల ఫోటోలకు మాక్రో లెన్స్ ఉన్న ఫోన్ కొందామనుకుంటున్నా. పదిహేను వేలలో ఏది మంచిది?
- ఒక కూరగాయల రైతు, చేవెళ్ల

మాక్రో పేరు చూసి మాత్రం కొనకండి. చవక ఫోన్లలో ఆ రెండు మెగాపిక్సెళ్ల లెన్స్ వెనక కెమెరాల సంఖ్య పెంచడానికి పెట్టిందే. అసలు కెమెరా మంచిదైన ఫోన్ తీసుకుని, దానికి తగిలించే క్లిప్ లెన్స్ విడిగా కొనుక్కోండి.

కానీ నాకు లెన్స్ కంటే పెద్ద బాధ సాఫ్ట్‌వేర్‌తోనే. వంగ తోటలో మనం అక్షింతల పురుగు అని పిలిచేవి నిజానికి రెండు రకాలు. ఒకటి పేనుబంకను తిని పంటను కాపాడుతుంది, దాని వీపు గాజులా మెరుస్తుంది. రెండోది వంగ ఆకుని జల్లెడ చేసేస్తుంది. దాని వీపు మీద సన్నటి నూగు ఉంటుంది, మచ్చలు పన్నెండో ఇరవై ఎనిమిదో ఉంటాయి. ఫోటోలో మనకు కావాల్సింది ఆ నూగే. మొహం మీద మొటిమలు చెరిపినట్టే, ఫోన్ దాన్ని కూడా గరుకుదనం అనుకుని చెరిపేసి నున్నగా, మెరిసేలా చేసి ఇస్తుంది. ఆ ఫోటో చూసి మిత్రపురుగని వదిలేసినా, శత్రువని మందు కొట్టినా నష్టపోయేది రైతే. ఒక అప్‌డేట్ తర్వాత నా ఫోన్‌లో ఈ నునుపు ఇంకా పెరిగింది. ఆపుదామని వెతికితే ఆ మీట కూడా తీసేశారు. మనుషుల మొహాలకు ఏమైనా చేసుకోండి, కెమెరా చూసింది చూసినట్టు ఇచ్చే మోడ్ ఒకటి ప్రతి ఫోన్‌లోనూ ఉండి తీరాలి.

షాపులోనే ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది), రా ఫార్మాట్ (ఫోన్ మెరుగులు దిద్దని ఫోటో) ఉన్నాయో లేదో తెరిచి చూసి తీసుకోండి. పొద్దున్నే ఎండ ఎక్కకముందు వెళ్తే పురుగు చురుగ్గా కదలదు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీయండి.