‘థర్టీన్’ సినిమాను పదమూడేళ్ల అమ్మాయికి చూపించొచ్చా?

మీ అమ్మాయికి ఈమధ్యే పదమూడు నిండాయని, కొత్త స్నేహితురాలు వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఏ మాటకైనా ఎదురు చెబుతోందని, 2003లో వచ్చిన ‘థర్టీన్’ చూపిస్తే కాస్త భయపడి దారికొస్తుందేమో అని రాశారు. మా అమ్మాయికి సరిగ్గా ఆ వయసులోనే ఇద్దరం కలిసి చూశాం కాబట్టి చెబుతున్నా: భయపెట్టడానికైతే అసలు చూపించకండి. ముందు మీరొక్కరే చూడండి. ఆ తర్వాత కూడా తనతో చూడాలనిపిస్తే పక్కనే కూర్చుని చూడండి. డ్రగ్స్, సెక్స్, చెయ్యి కోసుకోవడం అన్నీ నేరుగానే చూపిస్తారు. అమెరికాలో దీనికి ఆర్ రేటింగ్ ఇచ్చారు, అంటే పదిహేడేళ్ల లోపువాళ్లు పెద్దవాళ్లతో కలిసే చూడాలి. బ్రిటన్‌లో 18, అంతకన్నా చిన్నవాళ్లను థియేటర్‌లోకి రానివ్వరు. అంటే ఈ కథ రాసిన అమ్మాయే అమెరికాలో పెద్దవాళ్లు తోడు లేకుండా థియేటర్‌లో చూడలేని పరిస్థితి!

అవును, స్క్రిప్టు రాసినవాళ్లలో ఒకరైన నిక్కీ రీడ్‌కు అప్పటికి పదమూడేళ్లే. దర్శకురాలు క్యాథరిన్ హార్డ్‌విక్ అంతకు ముందు సినిమాలకు ప్రొడక్షన్ డిజైనర్‌గా చేసేది. నిక్కీ వాళ్ల నాన్నతో ఉన్న పాత పరిచయం వల్ల ఆ పిల్లను చిన్నప్పటి నుంచీ ఎరుగును. పిల్ల ఉన్నట్టుండి మారిపోవడం చూసి, కూర్చోబెట్టి తనతోనే కథ రాయించింది. ఇద్దరూ కలిసి ఆరు రోజుల్లో రాసేశారు. ముందు కామెడీ రాద్దామనే అనుకున్నారట. దర్శకురాలిగా హార్డ్‌విక్‌కు ఇదే మొదటి సినిమా. అమెరికాలో జరిగే సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో దర్శకత్వానికి అవార్డు వచ్చింది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఇది పెద్దవాళ్లు పిల్లలకు బుద్ధి చెప్పడానికి తీసిన సినిమా కాదు. ఆ వయసు పిల్ల తన బాధ తానే చెప్పుకున్న సినిమా.

కథ లాస్ ఏంజెలిస్‌లో. ట్రేసీ బాగా చదివే పిల్ల. కొత్త క్లాసులోకి వెళ్లగానే, స్కూల్లో అందరూ వెంటపడే ఈవీ గుంపు ఆమె సాక్సులు చూసి నవ్వుతుంది. అంతే, అక్కడి నుంచి మొదలు. ఇంటికొచ్చి బొమ్మలన్నీ అవతల పారేస్తుంది, బట్టలు మార్చేస్తుంది. ఈవీ ఫోన్ నంబరు ఇస్తుంది. ట్రేసీ ఇంటికొచ్చి ఆ నంబరుకు ఫోన్ చేసే సీనుకు ముందే మా అమ్మాయి, “అది రాంగ్ నంబరే అయ్యుంటుంది చూడమ్మా” అంది. నిజంగానే రాంగ్ నంబర్. నేను సినిమా వదిలేసి దాని మొహం చూశాను. ఆ విషయం దానికెలా తెలుసని మాత్రం అడగలేదు. ఆ తర్వాత ట్రేసీ ఒకావిడ పర్సు కొట్టేసి, ఆ డబ్బుతో ఈవీ స్నేహం సంపాదించుకుంటుంది. దొంగతనం చేసిందన్న భయం కన్నా, తనను గుంపులో చేర్చుకున్నారన్న సంబరమే ఆ పిల్ల కళ్లలో కనిపిస్తుంది. ట్రేసీగా వేసిన ఇవాన్ రేచెల్ వుడ్‌కూ, ఈవీగా వేసిన నిక్కీకీ అప్పుడు అటూ ఇటూగా పద్నాలుగేళ్లు. పెద్ద హీరోయిన్లను చిన్నపిల్లలుగా చూపించే సినిమాల్లో ఈ సంబరం కనపడదు.

మీ ప్రశ్నలో అసలు విషయం ఆ స్నేహితురాలు అనుకుంటాను. సావాసదోషం అనేస్తే మనకు మనసు తేలికవుతుంది, ఆ పిల్లను దూరం పెడితే సరిపోతుందనిపిస్తుంది. సినిమాను పైపైన చూస్తే అదే కథలా ఉంటుంది. కానీ జాగ్రత్తగా చూడండి. తండ్రి వేరే ఉంటాడు. ఒకసారి వస్తాడు కానీ చేతిలో ఫోన్ మోగుతూనే ఉంటుంది, గొడవేంటో రెండు ముక్కల్లో చెప్పమంటాడు. నాకు ఈవీ మీద కన్నా ఆ మనిషి మీదే ఎక్కువ కోపం వచ్చింది. తల్లి ప్రియుడు ఇంట్లో ఉండటం ట్రేసీకి అస్సలు గిట్టదు, ఆ మాట ఎంత చెప్పినా తల్లి చెవిన వేసుకోదు. ట్రేసీ తన చేతులు తనే కోసుకుంటూ ఉంటుంది, అది ఈవీ నేర్పిన పని కాదు. ఈవీ వచ్చి నిప్పు రాజేసింది నిజమే, కట్టెలు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి. పైగా ఆ ఈవీకి అయినా సరైన ఇల్లుందా? పట్టించుకునే దిక్కులేకే వీళ్లింట్లో తిష్ట వేస్తుంది.

ఇక తల్లి మెల్. హాలీ హంటర్ చేసింది, సహాయ నటిగా ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఇంట్లోనే జుట్టు కత్తిరిస్తూ పిల్లలిద్దరినీ పోషిస్తుంటుంది, తాగుడు మానేసి నిలదొక్కుకుంటూ ఉంటుంది. చెడ్డ తల్లి కాదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చోటిస్తుంది, కూతురి దగ్గర మాత్రం స్నేహితురాలిలా ఉండాలో తల్లిలా ఉండాలో తేల్చుకోలేదు. నాలుక కుట్టించుకున్న సంగతి కూడా ఆవిడకు ఆలస్యంగానే తెలుస్తుంది. మొదట్లో ట్రేసీ తను రాసిన కవిత వినిపిస్తే తల్లి కంగారు పడుతుంది, ఇంటి గోలలో ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. నేనైతే ఆ సీను పెద్దగా పట్టించుకోలేదు. సినిమా చూసిన కొన్నాళ్లకు అన్నం తింటూ మా అమ్మాయే అడిగింది, “ఆ కవిత గురించి వాళ్లమ్మ మళ్లీ అడగనే లేదేంటి?” అని. మా పిల్లకు సినిమాలో అన్నిటికన్నా గుర్తుండిపోయింది అది!

అందుకే చూశాక చర్చ పెట్టకండి. “చూశావా, ఆ పిల్ల ఎలా పాడైపోయిందో” అన్నారంటే మీ పిల్ల ఇక నోరు విప్పదు. చెప్పాలనుకుంటే తనే ఎప్పుడో ఒకప్పుడు చెబుతుంది, మీ దగ్గర అప్పుడు తీరిక ఉండాలి. ఇంకో మాట, కెమెరాను చేత్తో పట్టుకుని తీయడం వల్ల దృశ్యం ఊగుతూ ఉంటుంది, తలనొప్పి రావచ్చు. రంగులు మాత్రం గమనించండి. మొదట వెలిసిపోయినట్టు ఉండి, ఈవీతో తిరిగే రోజుల్లో ధగధగలాడి, చివరికొచ్చేసరికి నీలంగా పాలిపోతాయి.

ఆఖర్లో ట్రేసీ చొక్కా చెయ్యి పైకి లాగితే కోతలు బయటపడతాయి. పిల్ల ఎంత గింజుకున్నా, వదలమని ఎంత అరిచినా మెల్ వదలదు, ఆ చేతుల్ని ముద్దు పెట్టుకుంటూ గట్టిగా పట్టుకునే ఉంటుంది. మీ పిల్ల వంటి మీద అలాంటి గీతలు ఉన్నాయేమోనని మీకు ఏ మూలైనా అనుమానం ఉంటే, ఈ సినిమా ఇప్పుడు తనతో చూడొద్దు. ఆ అలవాటు ఉన్న పిల్లలకు ఆ సీన్లు మంచివి కావు. తిట్టకుండా, ఏడవకుండా, “చేతులకు ఏమైనా చేసుకుంటున్నావా?” అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమో అని చాలామంది జంకుతారు, అలా ఏమీ కాదు. ఉందంటే బ్లేడ్లు, మందుల్లాంటివి అందకుండా తీసేసి, పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. చచ్చిపోతాననే మాట వచ్చిందంటే అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆగకండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి, ఒంటరిగా వదలకండి. అదేమీ లేదు, ఒట్టి పెడసరమే అయితే సినిమా మీరు చూసేశాక మళ్లీ రాయండి, తనతో ఏ సీన్లు దాటేయొచ్చో చెబుతాను.