చందా కన్నా ముందు చేయాల్సిన సాయం ఒకటుంది

ప్రశ్న: మాది బెంగళూరు, కె.ఆర్.పురం. మా వీధిలో అద్దెకుంటున్న మదనపల్లె ఆటో డ్రైవరును నాలుగు నెలల క్రితం టిన్ ఫ్యాక్టరీ దగ్గర కారు ఢీకొట్టింది. కాలు విరిగి ఇంకా మంచం మీదే ఉన్నాడు. ఇద్దరు పిల్లలు. పది ఇళ్లవాళ్లం చందాలేసుకుని నా ఖాతా ద్వారా నెలకు 6,000 ఇస్తున్నాం. ఇప్పుడు నలుగురమే మిగిలాం. ఆసుపత్రి ఖర్చుతో కలిపి నేనొక్కడినే 40,000 ఇచ్చాను. నా జీతం 62,000. వాళ్లకు నూటికి నాలుగు వడ్డీకి తెచ్చిన 80,000 అప్పుంది. ఇంకో లక్ష తీసుకుంటాం, హామీ సంతకం చేయమంటున్నారు. మేమిచ్చిందంతా అతని భార్య పిల్లవాడి నోటుపుస్తకం వెనక పేజీల్లో రాసుకుంటోంది. ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్లు?

జవాబు: హామీ సంతకం చేయకండి. వాళ్లు కట్టలేకపోతే ఆ బాకీ పూర్తిగా మీదే అవుతుంది. అప్పిచ్చినవాడు ముందు మీ దగ్గరికే రావచ్చు. మీరు కూడా అప్పులో కూరుకుపోతే ఆ ఇంటికి ఆసరా ఉండదు.

ఇక చందా సంగతి. 80,000కు నూటికి నాలుగంటే నెలకు 3,200 వడ్డీ. అంటే మీ వీధి ఇచ్చే 6,000లో సగానికి పైగా వడ్డీ వ్యాపారికే పోతోంది. ఆవిడ దగ్గర రెండు తులాల బంగారమున్నా బ్యాంకులో తాకట్టు పెట్టి ఈ అప్పు తీర్చేయమనండి. అక్కడ వడ్డీ నూటికి రూపాయి లోపే ఉంటుంది, నెలకు 800 దాటదు. ఉన్న ఒక్క నగనూ తాకట్టు పెట్టమని చెప్పడం ఎవరికైనా కష్టమే. అయినా చెప్పాలి.

అన్నిటికన్నా తొందరగా చేయాల్సింది వేరే ఉంది. ఢీకొట్టిన కారు బీమా సంస్థ నుంచి పరిహారం కోరుతూ మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేశారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు. చట్టం ఇచ్చిన గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలు. మీకు మిగిలింది రెండే. వైద్య ఖర్చు, పోయిన సంపాదన, వైకల్యం శాతం, వయసు, ఇవన్నీ చూసి పరిహారం నిర్ణయిస్తారు. మీ వీధంతా ఏళ్ల తరబడి చందాలేసుకున్నా అంత మొత్తం కూడకపోవచ్చు.

ఇక్కడే మీ పది ఇళ్ల అవసరం ఉంది. ఎఫ్‌ఐఆర్ కన్నడంలో ఉంటుంది, వాళ్లకు చదవడం రాకపోవచ్చు. కన్నడం చదవగలిగే వారొకరు ఆవిడతో పోలీసు స్టేషన్‌కు వెళ్లి నకలు తీసుకోవాలి. ఇంకొకరు ఆసుపత్రి బిల్లులు, డిశ్చార్జి కాగితాలు తేదీల వారీగా సర్దాలి. ఆటో రోజువారీ సంపాదనకు ఆధారాలు వెతకాలి. ఆదాయం తక్కువున్నవారికి జిల్లా న్యాయ సేవల సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. వచ్చినదాంట్లో వాటా అడిగే దళారుల చేతికి కాగితాలు ఇవ్వనివ్వకండి. చందా మానేసిన ఆరు ఇళ్లవాళ్లనూ ఈ పనికి పిలవండి. డబ్బివ్వలేనివారు ఒక పూట ఇవ్వగలరు.

వాళ్ల రేషన్ కార్డు మదనపల్లెదైనా, అది జాతీయ ఆహార భద్రత చట్టం కిందిదైతే, బెంగళూరు చౌకధరల దుకాణంలో వేలిముద్ర వేసి మనిషికి 5 కిలోల చొప్పున ఉచితంగా తీసుకోవచ్చు.

మీ వంతు నెలకు 2,000, ఆరు నెలలు. ఈ మాట ముందు మీ ఇంట్లో, తర్వాత వాళ్లకు చెప్పండి. మీ ఖాతా మధ్యలో వద్దు, ఎవరికి వారు నేరుగా ఆవిడ ఖాతాకే పంపాలి. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన డబ్బు 50,000 దాటితే అది ఆదాయంగా లెక్కకు వస్తుంది. వాళ్ల సంపాదనకు పన్ను పడకపోవచ్చు, అయినా లెక్క రాసి ఉంచడం మంచిది.

ఆ నోటుపుస్తకం గురించి కూడా మాట్లాడండి. ఆవిడ దాన్ని తీర్చాల్సిన బాకీగా మోస్తోంది. ఇచ్చింది అప్పు కాదని మీరూ మీ ఇంటావిడా కలిసి వెళ్లి చెప్పండి. వెళ్లినప్పుడే ఎఫ్‌ఐఆర్ గురించి అడిగి, ప్రమాదం తేదీ నుంచి 6 నెలలు లెక్కపెట్టి వాళ్లింటి క్యాలెండర్ మీద గుర్తు పెట్టి రండి.