టెలికాం నియంత్రణలో కెరీర్: ముందు ఒక్క నిమిషం కాల్‌కు లెక్క కట్టండి

ప్రశ్న: ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ ఇంజనీరింగ్) మూడో ఏడాది చదువుతున్నాను. టవర్ల పని మీద ఆసక్తి లేదు. కాల్ ధరలు, నియమాలు, కంపెనీల మధ్య పోటీ వంటి వాటి మీద పనిచేయాలని ఉంది. టెలికాం రంగాన్ని నియంత్రించే సంస్థ ట్రాయ్‌లో ఉద్యోగం వస్తుందా? ఇప్పటి నుంచి ఏం నేర్చుకోవాలి?

జవాబు: ట్రాయ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అక్కడి పోస్టుల్లో చాలా ఇతర ప్రభుత్వ శాఖల నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవారితో నిండుతాయి. కొత్తగా చదువు ముగించినవారికి తలుపులు వేరే చోట ఉన్నాయి: ఆపరేటర్ల రెగ్యులేటరీ విభాగం, ఇంటర్‌కనెక్ట్ బిల్లింగ్ (ఒక నెట్‌వర్క్ నుంచి మరొక నెట్‌వర్క్‌కు వెళ్లే కాల్స్‌కు కంపెనీల మధ్య లెక్కలు తేల్చే) విభాగం, టెలికాం కన్సల్టింగ్ సంస్థలు. ప్రభుత్వంలోనే ఉండాలనుకుంటే యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష రాసి ఇండియన్ టెలికమ్యూనికేషన్ సర్వీస్‌కు వెళ్లవచ్చు.

వీటిలో ఎక్కడికి వెళ్లినా పనికొచ్చేది ఒక్కటే: ఒక కాల్ వెళ్తుంటే డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి వెళ్తోందో చెప్పగలగడం. 2015 నాటి ఎస్టీడీ (దూర ప్రాంతానికి చేసే) మొబైల్ కాల్ తీసుకోండి. దూరం మోసిన సంస్థకు నిమిషానికి గరిష్ఠంగా 35 పైసలు, కాల్ అందుకున్న మొబైల్ నెట్‌వర్క్‌కు 14 పైసలు. రెండూ బయటివాళ్లవైతే కస్టమర్ నుంచి ఎంత వసూలు చేసినా అందులో 49 పైసల దాకా బయటికే పోయేది. 2017 అక్టోబరులో 14 పైసలు 6 అయ్యాయి, 2021 జనవరి 1 నుంచి సున్నా. ఆ సున్నా మొదట 2020లోనే రావాల్సింది. వాయిదా పడేలా ఉందని తెలియగానే 2019 అక్టోబరులో జియో ఇతర నెట్‌వర్క్‌లకు చేసే కాల్స్‌కు ఆ 6 పైసలు కస్టమర్ల దగ్గరే వసూలు చేయడం మొదలుపెట్టింది. నియమంలో ఒక తేదీ కదిలితే బిల్లు ఎలా కదులుతుందో ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

టోల్‌ఫ్రీలో ఈ ప్రవాహం తలకిందులు. ఫోన్ చేసినవారికి ఖర్చు లేదు. 1800 నంబరు తీసుకున్న సంస్థ చెల్లిస్తుంది, కాల్ మొదలైన నెట్‌వర్క్‌కు అందులో వాటా ముడుతుంది. చిక్కు అక్కడే ఉంది. అమెరికాలో ఆ వాటా కోసం కొందరు వాటంతటవే డయల్ చేసే యంత్రాలతో టోల్‌ఫ్రీ నంబర్లకు కాల్స్ చేయించి, ఐవీఆర్ మెనూల్లో (‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే రికార్డు గొంతులో) తిప్పుతూ నిమిషాలు పెంచారు. అందుకే 2020లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ ఛార్జీలను దశలవారీగా తగ్గించాలని నిర్ణయించింది. పోటీ కూడా అక్కడ ఊరికే రాలేదు. 1993కు ముందు టోల్‌ఫ్రీ నంబరులో 800 తర్వాతి మూడు అంకెలే కంపెనీ ఏదో తేల్చేవి కాబట్టి, కంపెనీ మారితే నంబరు వదులుకోవాల్సిందే. ప్రకటనల్లో, బిల్లుల మీద అచ్చయిన నంబరును ఏ వ్యాపారి వదులుకుంటాడు? ఆ ఏడాది పోర్టబిలిటీ (నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు) వచ్చాకే నిజమైన బేరసారాలు మొదలయ్యాయి.

ఇంజనీరింగ్‌తో పాటు చట్టం కూడా చదవాలి. కాల్ డ్రాప్‌కు రూపాయి చొప్పున, రోజుకు మూడింటి వరకు పరిహారం ఇవ్వాలని 2015లో ట్రాయ్ చేసిన నియమాన్ని 2016 మేలో సుప్రీంకోర్టు కొట్టేసింది. కస్టమర్ మేలు కోరినంత మాత్రాన నియమం నిలవదు. కారణాలు, లెక్కలు కాగితం మీద కనిపించాలి. ఆ తీర్పు పూర్తిగా చదవండి. తర్వాత 1997 ట్రాయ్ చట్టం, 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం చదవండి.

ఈ సెలవుల్లో ట్రాయ్ వెబ్‌సైట్ నుంచి ఒక సంప్రదింపు పత్రం (నియమం చేసే ముందు అందరి అభిప్రాయాలు అడిగే పత్రం) దించుకోండి. దానికి ఆపరేటర్లు పంపిన అభిప్రాయాలు కూడా అక్కడే ఉంటాయి. ఒకే ప్రశ్నకు ఇద్దరు పోటీదారులు ఇచ్చిన జవాబులు పక్కపక్కన పెట్టి, ఎవరికి ఎక్కడ లాభమో రెండు పేజీల్లో రాయండి. గడువులోపు ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు, మీరూ పంపండి. ఇంటర్వ్యూలో చూపించడానికి సర్టిఫికెట్ కోర్సు కంటే ఆ రెండు పేజీలకే బరువు ఎక్కువ.

నాలుగో ఏడాది ప్రాజెక్టుకు కాల్ రికార్డుల సరిపోలిక తీసుకోండి. ఒకే కాల్‌కు రెండు నెట్‌వర్క్‌ల స్విచ్‌లు (కాల్స్ కలిపే యంత్రాలు) రెండు రికార్డులు రాస్తాయి. గడియారాల్లో తేడా, సెకన్లను పైకి సవరించే పద్ధతి, నెలాఖరు అర్ధరాత్రి దాటిన కాల్స్, పోర్ట్ అయిన నంబరును పాత ఆపరేటర్ ఖాతాలో వేయడం: మొత్తాలు ఎక్కువగా ఇలాంటి చోట్లే తప్పుతాయి. ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ భాషతో వెయ్యి నకిలీ రికార్డులు తయారుచేసి, ఈ నాలుగు తప్పులూ కావాలని చొప్పించి, వాటిని పట్టుకునే క్వెరీలు రాయండి. ఇంటర్‌కనెక్ట్ బిల్లింగ్‌లో చేరిన కొత్తవారి చేతికి మొదట వచ్చే పని దాదాపు ఇదే.